పెంకి ఎందుకు పక్కకు తిరిగింది

మార్చి 9

ఇవాళ్టి నుంచి రాస్తాను. కారణం ఒక్కటే. పొద్దున నేనొకటి చూశాను, అది ఎవరికీ చెప్పలేకపోతున్నాను. చెప్పకుండా నాలుగు రోజులు గడిస్తే అసలు నేనేమీ చూడలేదని నాకు నేనే నచ్చజెప్పుకుంటాను. నా సంగతి నాకు బాగా తెలుసు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందు మంచి మాట. పెంకి ఇసుక దాటింది. ఆరు చక్రాల మా పెంకిఘటం, ఎవరూ నడపకుండా, ఎవరూ ముట్టుకోకుండా, ఈ జెండా నుంచి ఆ చివరి జెండా దాకా తన కళ్ళతో తనే చూసుకుంటూ వెళ్ళింది. పోయిన నెల ఇదే ఇసుకలో అడుగడుగునా నిలబడిపోయేది. నున్నటి ఇసుకలో దానికి ఆనవాలు దొరకదు. ఏ గులకరాయో, ఏ గీతో కనిపిస్తే దాన్నిబట్టి తను ఎంత కదిలిందో తెలుసుకుంటుంది. ఏమీ కనిపించకపోతే కళ్ళుండీ గుడ్డిదే. ఇవాళ ఎక్కడా ఆగలేదు.

కమిటీ వాళ్ళు డేరా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని చూశారు. వాళ్ళకు పెద్ద, డేరా కింద కూడా గొడుగు వదలని ఆ గొడుగు సారు, చివర్లో లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మా బృందానికి పెద్ద అయిన మేడమ్ ఆయనకు ఏదో చెప్పబోయి, చెప్పడం మానేసి మంచినీళ్ళు తాగారు. మేడమ్‌ని అలా చూడటం నాకిదే మొదలు. బోల్టక్క అయితే నన్ను ఎత్తి గిరగిరా తిప్పేసింది. పెంకి ఒంట్లో ప్రతి నట్టూ ఆవిడ బిగించిందే, ఆ చేతులకెప్పుడూ గ్రీజే. నా చొక్కా మీద రెండు నల్లటి అరచేతులు పడ్డాయి.

"ఉతక్కు జెండా, దాచుకో. రేపు దీన్ని అద్దాల పెట్టెలో పెడతారు" అంది.

దారిలో జెండాలు పాతేది నేను కాబట్టి ఇక్కడ నా పేరు జెండా.

ఇక చూసిన సంగతి. సగం దారిలో పెంకి ఎడమకు తిరిగింది. అక్కడ రాయి లేదు, గుంట లేదు. ఎడమకు వంగి, అరసున్నా చుట్టి, మళ్ళీ దారిలోకి వచ్చింది. పెంకి చూపుకు సంబంధించిన ప్రోగ్రామంతా రాసింది కళ్ళడాక్టరన్న. ఆయన వెంటనే గొడుగు సారుకు వివరించాడు. "చూశారా సార్, అక్కడ ఇసుక మెత్తగా ఉండుంటుంది. మనకు తెలీలేదు, దానికి తెలిసింది. తప్పుకుంది."

"భలే" అన్నారు గొడుగు సారు.

అక్కడ ఇసుక మెత్తగా లేదు. నిన్న సాయంత్రం సరిగ్గా అక్కడే నా టోపీ ఎగిరిపోయింది. నేను ఎడమవైపు పరుగెత్తి, దాన్ని పట్టుకుని, చుట్టు తిరిగి మళ్ళీ దారిలోకి వచ్చాను.

మార్చి 10, ఉదయం

గాలివాటం అయ్యుంటుంది. చక్రం జారి ఉంటుంది.

మార్చి 10, సాయంత్రం

చక్రం జారలేదు. బోల్టక్కను మాటల్లో పెట్టి అడిగాను. "నా చక్రాలు జారడమా? నీ కాలు జారుతుందేమో గానీ" అంది.

ప్రతి పరీక్షకూ ముందు రోజు మాకు దారి నడక ఉంటుంది. పెంకి వెళ్ళబోయే చోటంతా ఒక మనిషి ముందుగా నడిచి, తీగముక్కలు, గుంటలు ఉన్నాయేమో చూసి, జెండాలు పాతి రావాలి. చక్రం విరిగితే ఇంకొకటి తెప్పించుకునేలోపు గాలుల కాలం వచ్చేస్తుంది, ఇక్కడ పనే ఆగిపోతుంది. ఆ నడకకు మేడమ్ పెట్టిన నియమం ఒకటుంది. ఇసుకను పాడుచేయకూడదు. ఎంతమంది వెళ్ళినా ఒకరి వెనక ఒకరు, ఒకే వరస. నేను ఆ నియమాన్ని ఎంత భక్తిగా పాటిస్తానంటే, వెళ్ళినప్పుడు పడిన అడుగుల్లోనే అడుగులేసుకుంటూ తిరిగొస్తాను.

ఇసుక పాడుకాకూడదని జాగ్రత్తపడి, జాగ్రత్తపడి, దానికి నేనే రోడ్డు వేసి పెట్టానా?

ఈ నెలాఖరుకు కమిటీ నిర్ణయం చెబుతుంది. ఒప్పుకుంటే పెంకిని మందుపాతరల నేలకు పంపుతారు. యుద్ధమైపోయి ఇన్నేళ్ళయినా ఎవరూ కాలు పెట్టని ఇసుక అది. అక్కడ పాతరలు ఎక్కడున్నాయో పెంకి చూసి గుర్తులు పెడుతుంది. దాని కింద పేలినా పోయేది యంత్రమే. అందుకోసమే ఇదంతా కట్టారు.

అక్కడ ముందు రోజు సాయంత్రం ఎవరు నడుస్తారు?

ఒక్క మలుపు చూసి ఇంత ఊహించడం నాకే అతిగా ఉంది. గోరంతను కొండంత చేయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటేనని అమ్మ అంటుంది.

మార్చి 11

నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడితేనే సిగ్నల్ అందుతుంది. నాన్న లారీ ఆపుకుని మాట్లాడాడు.

"ఏమ్మా, మీ బండి డ్రైవరు లేకుండానే వెళ్ళిందంట?"

"వెళ్ళింది నాన్నా."

"మరి దారి తప్పితే ఎవర్ని తిడతారు?"

"కళ్ళడాక్టరన్నని."

"పాపం. పోనీ క్లీనరన్నా ఉన్నాడా దానికి?"

"క్లీనర్ని నేనే కదా."

చాలాసేపు నవ్వాడు. లారీ స్టాండులో అందరికీ చెప్పేశాడట. "మన పొట్ట కొట్టే బండిని తయారుచేసే పిల్లని కన్నావు కదరా అని ఒకటే ఏడిపిస్తున్నారు. కొట్టనీండ్రా, నా కూతురు కొడితే నేను పడతా అన్నాను" అన్నాడు. ఆ గొంతులో గర్వం విని, మలుపు సంగతి ఎత్తకుండానే పెట్టేశాను.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మ తన ప్రశ్నలు తను అడిగింది. తిన్నావా, పడుకున్నావా, ఎండలో తిరుగుతున్నావా. చివరికి, "టోపీ పెట్టుకుంటున్నావా?" అంది.

పెట్టుకుంటున్నానన్నాను.

మార్చి 12

కళ్ళడాక్టరన్న గురించి రాయాలి. రాయకపోతే నాకెందుకు నోరు పెగలడం లేదో తర్వాత చదివినప్పుడు నాకే అర్థం కాదు.

మా ఇంట్లో బడి గడప తొక్కినదాన్ని నేనే మొదట. అందుకని నాకొక జబ్బు పట్టుకుంది. ఎవరేం చెప్పినా అర్థమైనట్టు తలాడించడం. అర్థం కాలేదంటే వచ్చిన దారినే ఇంటికి పంపించేస్తారని భయం. ఇక్కడ చేరిన కొత్తలో అన్న పెంకి చూపు గురించి గంట సేపు చెప్పాడు. నేను గంట సేపూ తలాడించాను.

"అర్థమైందా?"

"అయింది."

"అయితే నాకూ చెప్పు. నాకింకా కాలేదు" అన్నాడు.

ఏడుపొచ్చేసింది. ఆయన నవ్వలేదు, జాలి కూడా పడలేదు. కుర్చీ నా పక్కకు లాక్కుని, బల్ల మీద పేరుకున్న ఇసుక మీదే వేలితో గీసి మొదటి నుంచి చెప్పాడు. ఆ రోజు నుంచి భోజనం చేసేటప్పుడు రోజూ ఒక పాఠం. "తెలీదు" అనే మాట సిగ్గుపడకుండా అనడం నాకు ఆయన నేర్పాడు. కాలేజీలో ఎవరూ నేర్పలేదు.

పోయిన నెలాఖరులో, పెంకి ఇసుకలో నిలబడిపోతుంటే, ఆయన ప్రోగ్రాములో కొత్త మాట ఒకటి చేర్చాడు. అప్పటిదాకా పక్కన ఏమున్నా పట్టించుకోకుండా జెండా వైపే సూటిగా పోయేది. దాన్ని నాకు పాఠంలా చెప్పాడు కూడా. "ఎక్కడ బాగా కనిపిస్తే అటు వెళ్ళు. అంతే జెండా, ఇంత చిన్న మాట." ఆ రాత్రి నుంచే ఆయన కంటి నిండా నిద్రపోతున్నాడని బోల్టక్క అంటుంది.

నున్నటి ఇసుకలో అన్నిటికంటే బాగా కనిపించేవి అడుగులు.

నేనేం చేయను? తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు, నేర్పిన పాఠంతోనే ఆయన్ని పట్టివ్వాలా?

మార్చి 13

ఇవాళ చెబుదామనే వెళ్ళాను. అన్న కూతురు ఫోన్లో పాట వినిపిస్తోంది. ఆయన కళ్ళు మూసుకుని తలూపుతున్నాడు. వచ్చేశాను. రేపు.

మార్చి 14

ఇవాళ కూడా చెప్పలేదు. కానీ చెబుతాను. ఎందుకంటే మధ్యాహ్నం ఇది జరిగింది.

షెడ్డులో బోల్టక్క పెంకి కింద వెల్లకిలా పడుకుని చక్రాల్లో ఇసుక దులుపుతోంది. నేను ఒక్కో పనిముట్టూ అందిస్తున్నాను. ఊరికే అడిగినట్టు అడిగాను.

"అక్కా, అక్కడ పాతరల మధ్య ఇది ఆగిపోతే ఎవరు తెస్తారు?"

"ఇంకెవరు? నేనే."

"నువ్వా?"

"మరి? దీని తాళం ఎక్కడ తిప్పాలో, ఎక్కడ తన్నాలో ఇంకెవరికి తెలుసు? మేడమ్‌కి ఎప్పుడో చెప్పేశా. నా పేరే రాసుకున్నారు."

"భయం లేదా?"

"భయమెందుకు? దీని చక్రాలు పోయిన గీతల్లోనే అడుగేసుకుంటూ పోతా. దీని కింద పేలనిది నా కింద పేలుతుందా?" అని, ఒక క్షణం ఆగి, "అంటే, ఇది తేలికనుకో. నేను కాస్త బరువు. ఆ సంగతి మా ఆయన దగ్గర అనకు, బరువన్న మాటకే నవ్వుతాడు. ఆ చిన్న స్పానర్ ఇలా ఇవ్వు" అంది.

ఇచ్చాను. 

అది నా అడుగుల్లో నడిచింది. దాని అడుగుల్లో బోల్టక్క నడుస్తుంది.

మార్చి 15

చెప్పేశాను.

అన్న భోజనం పళ్ళెం పక్కన పెట్టి, రోజూలాగే బల్ల మీద ఇసుక చదును చేస్తూ, "ఇవాళ ఏం పాఠం?" అన్నాడు.

"ఇవాళ నేను చెబుతానన్నా" అని, టోపీ ఎగిరిన సంగతి చెప్పాను. ఇసుక మీద నా దారి గీశాను. దాని మీదే పెంకి దారి గీశాను. రెండో గీత విడిగా కనిపించలేదు.

ముందు నవ్వాడు. "ఒక్క మలుపుకేనా? కాకతాళీయం."

"అవునేమో అన్నా."

"మెత్తటి ఇసుక ఉండకూడదా అక్కడ?"

"నేను పరుగెత్తాను కదా. కాలు దిగలేదు."

అప్పుడు నవ్వు ఆగిపోయింది. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"అప్పుడే. నువ్వు గొడుగు సారుతో చెబుతున్నప్పుడే."

"ఆహా. నేనక్కడ నిలబడి మెత్తటి ఇసుక, మెత్తటి ఇసుక అని వాగుతుంటే, నువ్వు వెనకాల నిలబడి వింటున్నావన్నమాట."

"అన్నా..."

"తినమ్మా. చల్లారిపోతోంది."

ఆయన తినలేదు. చేత్తో బల్ల మీది ఇసుకంతా తుడిచేసి వెళ్ళిపోయాడు. ఆ బల్ల మీద ఇసుక ఎవరన్నా తుడవడం నేను చేరాక ఇదే మొదలు.

మార్చి 16

అన్న మాట్లాడలేదు. నేను చేసింది తప్పేమో. మంచిపనే అయితే ఇలా ఉంటుందా?

మార్చి 17

పొద్దున షెడ్డు తలుపు దగ్గర అన్న కనిపించాడు. గడ్డం గీసుకోలేదు.

"జెండా, సాయంత్రం దిబ్బ అవతల కొత్త ఇసుకలో నడిచిరా. నీ ఇష్టమొచ్చినట్టు నడు. ఎలా నడిచావో నాకు చెప్పొద్దు."

"ఎలాగైనానా?"

"తాగినవాడిలా నడు, పెళ్ళికూతురిలా నడు. చెప్పొద్దన్నానా?"

కోపంగానే అన్నాడు, కానీ మాట్లాడాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం వెళ్ళాను. తిన్నగా కొంత నడిచి, తర్వాత ఒక పెద్ద సున్నా చుట్టాను. అదే సున్నా మీద మళ్ళీ మళ్ళీ తిరిగి, వెనక్కు వచ్చేశాను. చివరి జెండాను సున్నాకు ఆవల, దిబ్బ వైపు నుంచి చుట్టు తిరిగి వెళ్ళి పాతాను, సున్నాకూ దానికీ మధ్య నా అడుగు పడకుండా. ఇన్నాళ్ళూ తిన్నగా నడవడానికి పడ్డ కష్టం గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ తర్వాత, రేపు పెంకి ఆ సున్నాను పట్టించుకోకుండా సూటిగా జెండా దగ్గరికి వెళ్ళిపోవాలని కోరుకున్నాను. నేనే తప్పు కావాలని అంత గట్టిగా ఎప్పుడూ కోరుకోలేదు.

మార్చి 18

పెంకి గానుగెద్దులా తిరిగింది.

ముందు తిన్నగా వచ్చింది. సున్నా దగ్గర ఒక క్షణం ఆగి, మెడ అటూ ఇటూ తిప్పి, ఎంతో ఆలోచించినట్టు సున్నాలోకి దిగింది. ఒక చుట్టు. ఇంకో చుట్టు. జెండా ఎదురుగా రెపరెపలాడుతోంది. దాన్ని చూస్తుంది, అటు తిరగబోతుంది, అటు ఇసుక నున్నగా ఉంటుంది, మళ్ళీ నా అడుగుల్లోకే వస్తుంది.

మొదట నవ్వింది బోల్టక్క. అన్న పొద్దునే ఆవిడకు టోపీ సంగతంతా చెప్పాడు. నవ్వాపుకోలేక కింద కూర్చుండిపోయింది. "అయ్యో నా తల్లీ, నూనె తీస్తోందిరా ఇది!" ఆ తర్వాత అన్న నవ్వాడు. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వి, అలాగే ఇసుకలో కూలబడ్డాడు. అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

"కమిటీ మొత్తానికి టోపీ పెట్టాం కదే జెండా" అంది బోల్టక్క. "అదీ నీ టోపీ!"

"ఎవరు నడిచారు ఈ సున్నా?"

మేడమ్ ఎప్పుడు వచ్చారో ఎవరమూ చూడలేదు. దిబ్బ మీద చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు.

"నేను మేడమ్" అన్నాను.

"నేనే నడవమన్నాను" అన్నాడు అన్న.

"నేను అడిగింది ఆమెను."

మొత్తం చెప్పాను. టోపీ, మలుపు, ఒకే వరస, అన్నీ.  అంతా అయ్యాక, "తొమ్మిదో తేదీన చూసి పద్దెనిమిదో తేదీన చెబుతున్నావా?" అన్నారు.

"అన్నకు పదిహేనున చెప్పాను మేడమ్."

"నాకు?"

  పెంకి ఒక్కటే చప్పుడు చేస్తూ తిరుగుతోంది. "ముందు దాన్ని ఆపండి, నాకు తల తిరుగుతోంది" అన్నారు మేడమ్. బోల్టక్క పరుగెత్తి ఆపింది.

"నిన్ను తీసుకునే రోజున ఇతను నాతో ఏమన్నాడో తెలుసా?" మేడమ్ అన్నను చూపించారు. "ఈ అమ్మాయికి అర్థం కానిది ముఖంలో కనిపించేస్తుంది మేడమ్, అలాంటి మనిషి ఒకరు మన దగ్గర ఉండాలి అన్నాడు. ఈ పది రోజులూ చప్పట్ల మత్తులో పడి నీ ముఖం నేను చూడలేదు. ఒకే వరసలో నడవమన్నది కూడా నేనే. నీ తప్పు ఎంతో నువ్వు మోసుకో, నాది నాకు వదిలిపెట్టు."

"మేడమ్, నెలాఖరు దాకా టైముంది. చప్పుడు చేయకుండా సరిచేసేద్దామా?" అంది బోల్టక్క. ఆ మాట అనడం ఆవిడకూ ఇష్టం లేదని గొంతు చెబుతూనే ఉంది. అక్కడికి వెళ్ళాల్సింది తను. అయినా మా అందరి కోసం అడిగింది.

"సరికాకపోతే?" అన్నారు మేడమ్.

బోల్టక్క చేతుల గ్రీజు ఇసుకతో రుద్దుకుంది.

"కొట్టించుకున్న చప్పట్లు తిరిగిచ్చేద్దాం" అన్నారు మేడమ్. చెప్పులు తొడుక్కుని, దిబ్బ దిగి, మా పాత అడుగుల పక్కనుంచే నడిచి వెళ్ళిపోయారు. ఇసుక పాడవుతుందని ఇవాళ ఆమె చూసుకోలేదు.

మార్చి 19

అన్న భోజనం దగ్గర కుర్చీ నా పక్కకు లాక్కున్నాడు. బల్ల మీద అప్పుడే మళ్ళీ ఇసుక చేరింది. ఇక్కడ ఇసుకకు కొదవా!

"కోపం నీ మీద కాదు" అన్నాడు.

"తెలుసన్నా."

"తెలీదు. మొదట నీ మీదే. నిన్న గానుగ తిరిగాక పోయింది." వేలితో ఇసుక మీద ఒక గీత గీశాడు. "ఇప్పుడు చెప్పు. మనిషి అడుగులు లేని చోట దానికి ఏం కనిపిస్తుంది?"

"ఏమీ కనిపించదు."

"ముందుకు చూస్తే. వెనక్కు చూస్తే?"

నేను తలాడించలేదు. "అర్థం కాలేదు" అన్నాను.

"దాని చక్రాల గీతలే. అది వెళ్ళేకొద్దీ వెనకాల పడుతూనే ఉంటాయి కదా. వెనక కన్నొకటి ఎలాగూ ఉంది, రివర్సు తిప్పుకోవడానికే వాడుతున్నాం. ముందు ఏమీ దొరకనప్పుడు వెనక్కి చూసుకుని, తను ఎంత వచ్చిందో తెలుసుకుంటే?"

అర్థమైంది. ఈసారి నిజంగా.

మార్చి 20

దిబ్బ అవతల, నేను కూడా కాలు పెట్టని ఇసుక మీద పెంకిని వదిలాం. దారి నడక లేదు. "చక్రం విరిగితే విరుగుతుంది, నేనున్నది ఎందుకు?" అంది బోల్టక్క. జెండా కూడా పొడవాటి కర్రకు కట్టి, ఇసుక అంచున గట్టి నేల మీద నిలబడే అవతలికి చాపి పాతాను. ఇంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఎప్పుడూ పాతలేదు.

మొదటిసారి సగం దూరం వెళ్ళి నిలబడిపోయింది. రెండోసారి ఇంకొంచెం. మూడోసారి ఆగి, ఒక చక్రంతో ఇసుక గీకి, ఆ గీతను వెనక కంటితో చూసుకుని, మళ్ళీ కదిలింది. "కోడిలా గీరుకుంటూ పోతోంది చూడు" అంది బోల్టక్క. చివరి జెండాకు చేరలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అన్న మాత్రం చాలా రోజుల తర్వాత ఈల వేసుకుంటూ షెడ్డుకు వెళ్ళాడు.

నాకు ముందు ఈ చదువు దారిలో మా ఇంట్లో ఎవరూ నడవలేదని అందరూ అంటారు. నేనూ అలాగే చెప్పుకుంటూ వచ్చాను. ఇవాళ ఆలోచిస్తే అది అబద్ధమనిపించింది. నన్ను చేర్చడానికి అక్షరం రాని అమ్మ ఎన్ని బడుల గుమ్మాల్లో నిలబడిందో. నాన్న లోడు దించి, కాళ్ళు కూడా కడుక్కోకుండా పరీక్ష హాలు బయట ఎన్నిసార్లు కూర్చున్నాడో. కుర్చీ పక్కకు లాక్కున్న అన్న. పది రోజుల ఆలస్యాన్ని సూటిగా అడిగి, ఆ తర్వాత సగం బరువు తన నెత్తిన వేసుకున్న మేడమ్. వీళ్ళలో ఎవరి రుణం ఎలా తీరుతుందో నాకు తెలియదు. తీరకపోయినా ఫరవాలేదనిపిస్తోంది.

మార్చి 21

ఇవాళ దాని పాత గీతలు కూడా లేని కొత్త చోట అవతలి జెండాకు చేరింది! మధ్యాహ్నం ఇంకో కొత్త చోట చేస్తే చేరలేదు. అన్న ఎందుకో కనుక్కున్నాడు. సూర్యుడు నడినెత్తికి వస్తే గీతలకు నీడ ఉండదు, దానికి కనిపించవు. పొద్దున అయితే పనిచేస్తుంది. కనీసం ఇది చెప్పి మరీ పంపగలం.

నాన్నకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"అయితే బండి వెళ్ళలేదా?"

"వెళ్ళింది నాన్నా. నా అడుగుల మీద వెళ్ళింది."

 "అంటే డ్రైవరువి నువ్వేనన్నమాట" అన్నాడు.

నవ్వొచ్చేసింది.

"స్టాండులో ఏం చెప్పమంటావు?"

"ఉన్నదున్నట్టు చెప్పు నాన్నా."

"చెబితే నవ్వుతారే."

"నవ్వనీ."

"సరే. ముందు నేనే నవ్వేస్తా. అప్పుడు వాళ్ళకేం మిగలదు."

మార్చి 22

కమిటీకి ఉత్తరం నన్నే రాయమన్నారు మేడమ్. మీరు రాస్తేనే బాగుంటుందన్నాను.

"నడిచింది ఎవరు?"

"నేనే మేడమ్."

"మరి?"

"వాళ్ళు కోప్పడితే?"

"కోప్పడటానికి నా దగ్గరికి వస్తారు. అందుకే కదా నాకు పెద్ద గది ఇచ్చింది" అన్నారు. ఆ పెద్ద గది రెండు కుర్చీలు పట్టే రేకుల డబ్బా.

పొద్దుటి నుంచి రాస్తూనే ఉన్నాను. ఇప్పటికి కుదిరింది. అన్న చదివి ఒక మాట కొట్టేశాడు. "దయచేసి" మూడుసార్లు వచ్చిందట, రెండు చాలన్నాడు. బోల్టక్క గ్రీజు చేత్తో పట్టుకోబోతే దూరం నుంచే చదివి వినిపించాను. మేడమ్ చదివి ఏమీ మార్చలేదు. పంపే ముందు ఇక్కడ ఎక్కించుకుంటున్నాను.

*

కమిటీ పెద్దలకు నమస్కారం.

ఈ నెల తొమ్మిదిన మీరు చూసిన పరీక్షలో మా బండి ఇసుకను తనంతట తాను దాటలేదు. ముందు రోజు సాయంత్రం ఆ దారిలో నడిచింది నేను. నా అడుగుల గుర్తులను పట్టుకుని అది వెళ్ళింది. మధ్యలో అది పక్కకు తిరిగింది మెత్తటి ఇసుకను తప్పించుకోవడానికి కాదు. అక్కడ ఎగిరిపోయిన నా టోపీ కోసం నేను పక్కకు పరుగెత్తాను. నాకు ఆ రోజే ఈ అనుమానం వచ్చింది. మీకు ఇంత ఆలస్యంగా చెబుతున్నందుకు క్షమించండి. ఆ పరీక్ష ఫలితాన్ని లెక్కలోంచి తీసేయమని మా బృందమంతా కోరుతున్నాం.

అడుగు పడని ఇసుకలో బండి తన చక్రాల గీతలను చూసుకుంటూ వెళ్ళేలా మార్పు చేశాం. ఉదయం పూట ఒకసారి దాటింది. నడి ఎండలో దాటలేదు. ఇంతకంటే ఎక్కువ చేయగలదని ఇప్పుడు మేము చెప్పలేం. ఇది ఆగిపోతే తీసుకురావడానికి పాతరల మధ్యకు నడిచి వెళ్ళాల్సిన మనిషి మా మధ్యే ఉన్నారు. అందుకని దయచేసి మరొక్కసారి మీ కళ్ళతో చూసి, ఆ తర్వాతే నిర్ణయం చెప్పండి. ఆ రోజు మీరు లేచి నిలబడి కొట్టిన చప్పట్లకు మేమందరం ఎంతో సంతోషించాం. అందుకు మీకు కృతజ్ఞతలు. ఈసారి అవి దక్కినా దక్కకపోయినా ఫలితం మాత్రం బండిదే అవుతుంది.

దిబ్బకు తూర్పున ఒక ఇసుక మైదానాన్ని మీ కోసం వేరుగా ఉంచాం. చుట్టూ తాడు కట్టాం. మాలో ఎవరమూ అందులో కాలు పెట్టలేదు, పెట్టం. ఏప్రిల్ మొదటి వారంలో గాలులు మొదలైతే ఈ ఏడాదికి ఇక్కడ పని చేయలేం. కాబట్టి ఏ ఉదయం వస్తారో, లేదా రారో, దయచేసి మార్చి 29వ తేదీలోపు జవాబు ఇవ్వండి.